గొంతులోకి చూసిన అద్దం: స్వరపేటిక వైద్యచరిత్రలో కొన్ని ఘట్టాలు

తెలుగులో గొంతు గురించి చాలా మాటలున్నాయి. జలుబు చేస్తే గొంతు బొంగురుపోతుంది. అరిచి అరిచి రాసుకుపోతుంది. ఏడుపు ఆపుకుంటే పూడుకుపోతుంది. అలా పూడుకుపోయిన గొంతును కావ్యభాష డగ్గుత్తిక అంది. ఏ జవాబూ చెప్పలేని ఇరకాటంలో గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టవుతుంది. వీటిలో కొన్ని ఒంటికి వచ్చిన జబ్బులు, కొన్ని మనసుకు వచ్చిన కష్టాలు. వాడుకలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

శాస్త్రగ్రంథాల్లోనూ ఆ గీత చెరిగిపోయిన చోటు ఒకటుంది. భరతుని నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో స్వరభేదం ఒకటి. భయం, హర్షం, క్రోధం వంటివి కలిగినప్పుడు గొంతు దానంతట అదే మారిపోవడం దాని లక్షణం. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రంలోనూ స్వరభేదం ఉంది. అక్కడ అది చికిత్స చేయవలసిన రోగం. నటుడికి భావమైనదే వైద్యుడికి వ్యాధి అయింది, పేరు మాత్రం ఒకటే.

గొంతు మారిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు, లోపల పుండు ఉందా, కణితి ఉందా, లేక దుఃఖమే ఉందా అని తేల్చడానికి పంతొమ్మిదో శతాబ్దం మధ్యకాలం దాకా వైద్యులకు రోగి చెప్పిన మాట, వినిపించిన ధ్వని తప్ప వేరే ఆధారం దాదాపు లేదు. ఆ తరువాత ఒక చిన్న అద్దం వచ్చింది. అది ఎలా వచ్చింది, ఏం చూపించింది, ఏం చూపించలేకపోయింది అన్నవి స్వరపేటిక వైద్యచరిత్రలో ముఖ్యమైన ప్రశ్నలు.

చూడకుండానే తెలిసినది

చూడలేకపోయినా ప్రాచీనులు గ్రహించినది తక్కువేమీ కాదు. ఆయుర్వేదం స్వరభేదాన్ని ఆరు రకాలుగా విభజించింది: వాత, పిత్త, కఫ దోషాల వల్ల కలిగేవి మూడు, మూడు దోషాలూ కలిసి తెచ్చేది ఒకటి, ధాతుక్షయం వల్ల ఒకటి, మేదస్సు వల్ల ఒకటి. గట్టిగా మాట్లాడడం, అదేపనిగా అధ్యయనం చేయడం, విషం, దెబ్బ తగలడం కారణాలుగా చెప్పింది. వేదపాఠం వల్లె వేసే విద్యార్థుల గొంతులను గమనించి రాసిన జాబితాలా ఉంటుంది ఇది. నేటి వైద్యులు ఉపాధ్యాయులలో, గాయకులలో చూసే స్వరతంత్రుల బొడిపెలకూ అతివాడకమే మూలం. ఇక చరకుడు స్వరభేదాన్ని రాజయక్ష్మ లక్షణాలలో కూడా లెక్కించాడు. క్షయవ్యాధి ఊపిరితిత్తుల నుంచి స్వరపేటికకు పాకుతుందన్నది తరువాతి కాలంలో రుజువైన విషయం.

మధ్యధరా ప్రాంతంలో క్రీ.శ. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ మరో దారిలో వెళ్ళాడు. మాట పుట్టేది గుండెలోనా, మెదడులోనా అన్నది అప్పటి తాత్త్వికుల వివాదం. గేలెన్ రోమ్ నగరంలో పెద్దల ఎదుట, కట్టేసి ఉన్న పంది మెడను కోసి, స్వరపేటికకు వెళ్ళే సన్నని నరాలను పట్టుకున్నాడు. అప్పటిదాకా అరుస్తున్న పంది ఆ నరాలు తెగగానే మూగబోయింది. ఊపిరి ఆడుతూనే ఉంది, అరుపు మాత్రం లేదు. మాటను నడిపించేది మెదడే అనడానికి ఇదే సాక్ష్యమన్నాడు. మెడలోని గడ్డలను కోసే వైద్యులు తెలియక ఆ నరాన్ని గాయపరిచి పిల్లల గొంతు పోగొట్టిన సంగతి కూడా అతను రాశాడు. థైరాయిడ్ శస్త్రచికిత్స చేసేవారు నేటికీ అతిజాగ్రత్తగా కాపాడేది ఆ నరాన్నే.

దాని దారి విచిత్రమైనది. మెదడు నుంచి దిగి, స్వరపేటికను దాటి ఛాతీలోకి పోయి, ఎడమవైపు బృహద్ధమని కిందుగా చుట్టుకుని తిరిగి పైకి వస్తుంది. అందుచేత ఛాతీలో ధమని ఉబ్బినా, ఊపిరితిత్తిలో కణితి పెరిగినా మొదట గొంతు బొంగురుపోవచ్చు. జబ్బు ఒకచోట, దాని గుర్తు మరోచోట.

1741లో పారిస్‌లో ఆంట్వాన్ ఫెరెన్ మృతదేహాల నుంచి తీసిన స్వరపేటికల్లోకి గాలి ఊది ధ్వని పుట్టించాడు. లోపలి మడతలను వాయిద్యపు తీగలతో పోల్చాడు. స్వరతంత్రులు అన్న పేరు ఆ పోలిక నుంచి వచ్చినదే. కానీ చచ్చిన స్వరపేటిక పాడదు. పాడుతున్న స్వరపేటికను చూసే మార్గం కావాలి.

పాటల గురువు కనిపెట్టిన దారి

ప్రయత్నాలు జరిగాయి. 1800ల తొలి సంవత్సరాల్లో ఫిలిప్ బొట్సీని కొవ్వొత్తి వెలుగుతో శరీర కుహరాల్లోకి చూసే పరికరం చేస్తే వియన్నా వైద్య పెద్దలు పక్కన పెట్టారు. 1829లో లండన్‌లో బెంజమిన్ బాబింగ్టన్ అద్దాలతో ఒక సాధనం చూపించాడు, అదీ వాడుకలోకి రాలేదు. దారి దొరికింది వైద్యుడికి కాదు, సంగీతం నేర్పే గురువుకు.

మాన్యువల్ గార్సియా 1805లో స్పెయిన్‌లో, గాయకుల కుటుంబంలో పుట్టాడు. సోదరీమణులు మాలిబ్రాన్, వియార్దో యూరప్ అంతా మెచ్చిన గాయనులు. తాను మాత్రం పాడడం త్వరగానే మానుకుని పాట నేర్పడంలో స్థిరపడ్డాడు. 1841లో స్వీడన్ గాయని జెనీ లిండ్ అలసిపోయి, పాడైన గొంతుతో పారిస్‌లో అతని దగ్గరికి వచ్చింది. గార్సియా ముందు చెప్పిన వైద్యం మౌనం. కొన్ని వారాలు పాడవద్దన్నాడు, వీలైనంతవరకు మాట్లాడవద్దన్నాడు. ఆ తరువాత ఆమె అతని శిక్షణలో కోలుకుని ప్రపంచప్రసిద్ధి పొందింది. ఆనాడు ఆమె స్వరతంత్రులు ఎలా ఉన్నాయో గురువు చూడలేదు. గొంతు విని తెలుసుకున్నాడు.

చూడాలన్న కోరిక అతన్ని వదలలేదు. 1854 సెప్టెంబరులో సెలవులకు పారిస్ వచ్చినప్పుడు, రాజభవన తోటలో నడుస్తుండగా అద్దాలు ఎండను తిప్పి కొట్టిన తీరు చూసి ఆలోచన తట్టిందని తరువాత చెప్పుకున్నాడు. వెంటనే షరియేర్ అనే పరికరాల తయారీదారు దగ్గరికి వెళ్ళి, పొడుగు పిడి ఉన్న, పళ్ళు చూసే చిన్న అద్దాన్ని ఆరు ఫ్రాంకులకు కొన్నాడు. దాన్ని వేడినీళ్ళలో వెచ్చబరిచి, తుడిచి, కొండనాలుకకు ఆనించి, చేతిలోని మరో అద్దంతో ఎండను దాని మీదికి మళ్ళించాడు. అతను చూసింది ఎవరో రోగి గొంతు కాదు, తన గొంతే. ఊపిరి తీసినప్పుడు స్వరతంత్రులు విడివడడం, స్వరం పలికినప్పుడు దగ్గరికి చేరడం కనిపించింది. ఆ పరిశీలనలు 1855లో లండన్ రాయల్ సొసైటీలో చదవబడ్డాయి.

గార్సియాకు కావలసింది రాగం పుట్టే తీరు. రోగాల ఊసు అతనికి లేదు. వైద్యులు మొదట పట్టించుకోలేదు. 1857లో వియన్నాలో లుడ్విగ్ ట్యూర్క్ అలాంటి అద్దాలతో రోగులను చూడసాగాడు గానీ, ఎండ తగ్గిన చలికాలంలో పని ఆపేశాడు. బుడాపెస్ట్ ప్రాంతంలో పనిచేస్తున్న శరీరధర్మ శాస్త్రవేత్త యొహాన్ చెర్మాక్ ఆ అద్దాలను అరువు తీసుకుని దీపపు వెలుగును, నడుమ రంధ్రం ఉన్న పుటాకార దర్పణాన్ని జోడించాడు. ఇక ఎండతో పని లేదు. చెర్మాక్ ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. ఎవరు ముందు అన్న తగాదా ఇద్దరి మధ్య చాలాకాలం నడిచింది. ఆ తగాదా వల్ల జరిగిన మేలేమంటే పదేళ్ళు తిరిగేలోగా యూరప్ నగరాల్లో గొంతు వైద్యం ప్రత్యేక శాఖగా నిలబడింది. 1884లో కొకెయిన్‌తో గొంతును మొద్దుబార్చడం మొదలయ్యాక లోపలి పరీక్ష, చిన్న శస్త్రచికిత్స మరింత సులువయ్యాయి.

చక్రవర్తి గొంతు

అద్దం అన్నీ తేల్చేస్తుందన్న నమ్మకానికి 1887లో పరీక్ష ఎదురైంది. జర్మన్ యువరాజు ఫ్రెడరిక్‌కు ఆ జనవరిలో గొంతు బొంగురుపోయి తగ్గలేదు. మార్చిలో బెర్లిన్ ఆచార్యుడు కార్ల్ గెర్హార్ట్ అద్దంలో ఎడమ స్వరతంత్రి మీద చిన్న బొడిపె చూశాడు. తీగతో తీయబోయాడు, తరువాత విద్యుత్ వేడితో కాల్చాడు. అది మళ్ళీ పెరిగింది. మే నెలలో శస్త్రవైద్యుడు ఎర్నస్ట్ ఫాన్ బెర్గ్‌మన్ అది క్యాన్సర్ అనీ, మెడ కోసి స్వరపేటికను తెరిచి తీసేయాలనీ చెప్పాడు. ఆ కాలంలో అది ప్రాణాంతకం కాగల శస్త్రచికిత్స.

దానికి ముందు లండన్ నుంచి మోరెల్ మెకెంజీని పిలిపించారు. చెర్మాక్ దగ్గర అద్దం వాడకం నేర్చిన ఆయన 1863లో లండన్‌లో గొంతు రోగులకు ప్రత్యేక ఆసుపత్రి స్థాపించాడు. కణితి ముక్కను పరీక్షించకుండా కత్తి పట్టవద్దన్నాడు మెకెంజీ. ఆయన తీసిన ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసినవాడు ఆ కాలపు వ్యాధి విజ్ఞానానికి పెద్ద దిక్కైన రుడాల్ఫ్ ఫిర్ఖో. తనకందిన ముక్కల్లో క్యాన్సర్ కనిపించలేదని ఆయన తేల్చాడు. శస్త్రచికిత్స ఆగింది.

నవంబరులో ఇటలీ తీరంలోని సాన్ రెమోలో మెకెంజీ కొత్త కణితిని చూసి, ఇది క్యాన్సరే కావచ్చని ఒప్పుకోవలసి వచ్చింది. 1888 ఫిబ్రవరి 9న ఊపిరాడక శ్వాసనాళానికి రంధ్రం చేశారు. యువరాజు మాట పోయింది. నెల తిరగగానే, మార్చి 9న తండ్రి మరణించడంతో ఫ్రెడరిక్ చక్రవర్తి అయ్యాడు. చీటీల మీద రాసి రాజ్యం చేశాడు. 99 రోజులకు, జూన్ 15న కన్నుమూశాడు. శవపరీక్షలో స్వరపేటిక క్యాన్సర్ నిర్ధారణ అయింది.

తరువాత జరిగింది వైద్యుల యుద్ధం. జర్మన్ వైద్యులు నివేదిక ప్రచురించారు, మెకెంజీ పుస్తకమే రాశాడు. రోగి రహస్యాలు బయటపెట్టాడని లండన్ శస్త్రవైద్యుల కళాశాల ఆయన్ను మందలించింది. ఉదారవాది అయిన ఫ్రెడరిక్ బతికి ఉంటే, అతని కొడుకు రెండో విల్‌హెల్మ్ అంత త్వరగా గద్దెనెక్కకపోతే యూరప్ చరిత్ర ఎలా ఉండేదన్న ప్రశ్న నేటికీ ముగియలేదు. వైద్యచరిత్రకు మాత్రం పాఠం స్పష్టం. అద్దం బొడిపెను చూపించింది, అదేమిటో చెప్పలేకపోయింది. సూక్ష్మదర్శిని తన ముందు పెట్టిన ముక్క గురించి నిజమే చెప్పి ఉండవచ్చు, పెట్టని దాని గురించి చెప్పలేదు. కణితి ముక్క తీసి పరీక్షించాలన్న మెకెంజీ పద్ధతే నేడు నియమం. ఒక్క ముక్కలో క్యాన్సర్ లేదంటే లేనట్టు కాదన్నదీ నియమమే.

కనిపించని ఉండ

అద్దానికి అసలే అందని బాధ మరొకటి ఉంది. గొంతులో ఏదో ఉండ అడ్డుపడినట్టుంటుంది. మింగినా దిగదు, కక్కినా రాదు. ఉమ్మి మింగినప్పుడు తెలిసేది అన్నం తినేటప్పుడు తెలియకుండా పోతుంది. చూస్తే ఏమీ కనిపించదు.

ప్రాచీన గ్రీకు వైద్యంలో దీన్ని స్త్రీల గర్భాశయంతో ముడిపెట్టారు. గర్భాశయం చోటు తప్పి పైకి కదిలి గొంతును నొక్కుతుందని ఒక ఊహ. ఆ ఊహ శతాబ్దాలు బతికి ‘హిస్టీరియా ఉండ’ అన్న పేరుగా స్థిరపడింది. 1602లో లండన్‌లో మేరీ గ్లోవర్ అనే పద్నాలుగేళ్ళ అమ్మాయికి గొంతు మూసుకుపోయి, మాట పడిపోయి, మూర్ఛలు వచ్చాయి. ఎలిజబెత్ జాక్సన్ అనే ముసలామె చేతబడి చేసిందని కేసు పెట్టారు. వైద్యుడు ఎడ్వర్డ్ జోర్డన్ కోర్టులో ఇది గర్భాశయ సంబంధమైన సహజ వ్యాధి అన్నాడు. న్యాయమూర్తి వినలేదు, ముసలామెకు శిక్ష పడింది. మరుసటి సంవత్సరం జోర్డన్ తన వాదాన్ని పుస్తకంగా వేశాడు. అతని శరీరశాస్త్రం తప్పే. అయినా చేతబడిని కాదని జబ్బు అనడం ఆ రోజుల్లో ఒక ముసలామెను కాపాడే ప్రయత్నం. ఆ మాటే తరువాతి రోజుల్లో కోట్లాది స్త్రీల బాధను కొట్టిపారేయడానికి పనికొచ్చింది. 1707లో జాన్ పర్సెల్ మెడ కండరాలు బిగుసుకుని స్వరపేటికను నొక్కడమే దీనికి కారణమని రాసినా పాత పేరు పోలేదు.

ఆ పేరు మీద గట్టి దెబ్బ 1968లో పడింది. ఈ రోగులలో చాలామందికి హిస్టీరియా లక్షణాలు లేవనీ, పురుషులూ ఉన్నారనీ చూపించి, బ్రిటిష్ వైద్యుడు కెనెత్ మాల్కమ్‌సన్ గ్రసని పేరిట కొత్త పేరు ప్రతిపాదించాడు. అదే ఏడాది జపాన్‌లో సవాషిమా, హిరోసే అనే పరిశోధకులు గాజునారలతో చేసిన, ముక్కు గుండా గొంతులోకి వంగి దిగే సాధనాన్ని పరిచయం చేశారు. గార్సియా అద్దం అడ్డుపడటం వల్ల మాట్లాడుతుండగా చూడలేనిది ఇప్పుడు మాట సాగుతుండగానే కనిపించింది. చూపు బాగా మెరుగైన ఆ ఏడాదే, కనిపించని బాధ కూడా బాధేనని వైద్యం ఒప్పుకోవడం మొదలుపెట్టింది.

చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి కొత్తగా వచ్చేవారిలో సుమారు 4 శాతం ఈ ఉండ కోసమే వస్తారని అంచనా. కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నడం, కండరాల బిగువు, మనోవేదన కారణాలుగా చెబుతారు. ఎవరిలో ఏది ఎంత అన్న చర్చ సాగుతూనే ఉంది. నొప్పి, అన్నం దిగకపోవడం, బరువు తగ్గడం ఉంటే మాత్రం అది ఈ కోవలోకి రాదు, వెంటనే పరీక్ష కావాలి. మూడు నాలుగు వారాలు దాటినా తగ్గని బొంగురు సంగతీ అంతే, పొగతాగేవారిలో మరీను.

గార్సియా 101 ఏళ్ళు బతికి 1906లో లండన్‌లో మరణించాడు. అంతకు ముందు ఏడాది, అతని నూరో పుట్టినరోజున వివిధ దేశాల గొంతు వైద్యులు చేరి సత్కరించారు. వారంతా అతని అద్దంతో జీవించినవారు. అతను జీవితమంతా చేసిన పని మరొకటి: ఎదురుగా నిలబడిన మనిషి గొంతును శ్రద్ధగా వినడం. జెనీ లిండ్‌ను నిలబెట్టింది అదే. లోపలేమీ కనిపించని రోగికి ఇవాళ్టికీ కావలసింది అదే.