బాలనాగమ్మ తర్వాత కాంచనమాల

కాంచనమాల పేరెత్తితే పాతతరం వాళ్ళు రెండే సంగతులు చెప్పేవారు: ఆ కళ్ళు, ఆ తర్వాత మతి చలించడం. ఆ రెంటి నడుమ ఒక నటి ఉంది. ఆమె గురించి చెప్పేవాళ్ళు తక్కువ.

తెనాలి దగ్గరి అమృతలూరు పిల్ల. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో చిన్న వేషంతో తెరమీదికి వచ్చింది. తెలుగు టాకీకి అప్పటికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. నాటకాల నుంచి వచ్చినవాళ్ళు కెమెరా ముందు కూడా, నేల టిక్కెట్టు ఆఖరి వరసకు వినబడాలన్నట్టు గొంతెత్తేవారు. అలాంటి రోజుల్లో చూపుతో పని జరుపుకోగలిగిన మనిషి దొరకడం చిన్న విషయం కాదు. 1938లో హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’లో కాపురం కూల్చే నర్తకి మాధురి ఆమే. అదే ఏడాది గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’లో కథానాయిక శంపాలత కూడా ఆమే.

‘మాలపిల్ల’ దగ్గర కాస్త ఆగాలి. కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వెలువడి రెండేళ్ళే అయింది. తెలుగు పల్లెల్లో గుడి తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. అలాంటప్పుడు అగ్రహారం కుర్రాణ్ణి ప్రేమించిన వెలివాడ పిల్లగా, ఆపైన కలకత్తా వెళ్ళి చదువుకున్న యువతిగా ఆమె జనం ముందు నిలబడింది. శంపాలత మీద జాలి పుడితే సరిపోదు. ఆమె పక్కన తలెత్తుకు నడవాలని చూసేవాడికి అనిపించాలి. సినిమా విజయం సాధించిందంటే ఆ బరువులో సగం ఆమె మోసినట్టేనని నా నమ్మకం.

తర్వాతి ఏడు బి.ఎన్. రెడ్డి తొలి చిత్రం ‘వందేమాతరం’లో నాగయ్య సరసన నటించింది. వై.వి. రావు ‘మళ్ళీ పెళ్ళి’లో బాలవితంతువు లలిత అయింది. 1940లో ‘ఇల్లాలు’. ఆమె బొమ్మతో క్యాలెండర్లు అచ్చయ్యాయి, ఇళ్ళ గోడలకెక్కాయి. ఇదంతా కలిపి చూస్తే అయిదారేళ్ళ ముచ్చట.

1942లో జెమినీ వారి ‘బాలనాగమ్మ’. దర్శకుడు సి. పుల్లయ్య, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. చిన్నప్పుడు బుర్రకథగా విన్న కథ తెరమీద చూడటానికి జనం విరగబడ్డారు. ఆమె పేరు ఇంతకన్నా పైకి వెళ్ళడానికి చోటు లేదనిపించిన సమయమది. సరిగ్గా అప్పుడే జెమినీ అధినేత వాసన్‌తో ఒప్పందం విషయమై తగవు వచ్చింది. ఆ తగవులో ఎవరు ఏమన్నారో చెప్పే కథలు బోలెడు. వాటిని నేను మళ్ళీ చెప్పను. వాటివల్లే ఆమె నటన మరుగునపడింది. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ రోజుల్లో నటి స్టూడియోకి సంతకం చేసిన కాగితం మీద బతికేది. కాగితం స్టూడియోది, వకీళ్ళు స్టూడియో వాళ్ళు. ఆమెకు ఉన్నది ముఖం ఒక్కటే. దాన్ని ఎవరి కెమెరా ముందు పెట్టాలో కూడా ఆమె చేతిలో లేకపోయింది.

భర్త గాలి వెంకయ్య క్షయతో పోయాడు. ఆమె మనసు తట్టుకోలేదు. మాటలు తగ్గిపోయాయి, మనుషులు దూరమయ్యారు. పాతికేళ్ళు నిండిన కొద్దికాలానికే ఆమె నట జీవితం ముగిసింది. కథలో బాలనాగమ్మను మరాఠీ చెర నుంచి విడిపించడానికి కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై వస్తాడు. ఈమె కోసం అలా ఎవరూ రాలేదని రాయబోయాను. అది నిజం కాదు. ఒకరు వచ్చారు.

నటి లక్ష్మీరాజ్యం ఆమెకు స్నేహితురాలు, ‘ఇల్లాలు’లో తోటి నటి. తర్వాత నిర్మాత అయి ‘నర్తనశాల’ తీసినప్పుడు కాంచనమాలకు అందులో ఒక చిన్న వేషం ఇచ్చింది. దీపాల వెలుగు, మేకప్పు, కెమెరా చప్పుడు ఏదైనా ఆమెను మళ్ళీ పిలుస్తుందేమోనని ఆశ. 1963లో సినిమా విడుదలైంది. ఎన్.టి. రామారావు బృహన్నలను, ఎస్.వి. రంగారావు కీచకుణ్ణి, సావిత్రి ద్రౌపదిని జనం కళ్ళింతలు చేసుకుని చూశారు. ఆ జనంలో ఎందరు కాంచనమాలను గుర్తుపట్టి ఉంటారు? ‘బాలనాగమ్మ’ వచ్చిన ఏడు పుట్టిన పిల్లలకు అప్పటికి ఇరవై దాటాయి. స్నేహితురాలు ఆశించిన మార్పు రాలేదు. అయినా పరిశ్రమ మరిచిపోయిన మనిషిని చెయ్యి పట్టుకుని సెట్టు మీదికి తీసుకొచ్చిన ఆ స్నేహాన్ని నేను ‘నర్తనశాల’ విజయంతో సమానంగా తలుచుకుంటాను.

ఆ తర్వాత మరో పదిహేడేళ్ళు ఆమె బతికే ఉంది. ఈ సంగతి విని చాలామంది ఆశ్చర్యపోతారు. తెలుగు సినిమా రంగుల్లోకి మారింది, ఆమెతో పనిచేసిన దర్శకులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, ‘మాలపిల్ల’ చూసినవాళ్ళు తాతలయ్యారు. 1981 జనవరి 24న మద్రాసులో కాంచనమాల కన్నుమూసింది. అరవై మూడేళ్ళు. అందులో తెరకిచ్చినవి ఎనిమిదికి మించవు.