యోబు గ్రంథం

హీబ్రూ బైబిల్లోని 42 అధ్యాయాల గ్రంథం. నీతిమంతులకు కష్టాలెందుకన్నదే ఇందులోని చర్చ. మొదలూ చివరా వచనం, నడుమ సంవాదమంతా పద్యం. ఊజు దేశస్థుడైన యోబుకు 7,000 గొర్రెలు, 3,000 ఒంటెలు, పదిమంది బిడ్డలు. అతనిది లాభం కోసం చేసే భక్తేనని సాతాను ఆరోపించగా, దేవుడు పరీక్షకు అనుమతిస్తాడు. ఆస్తి, సంతానం పోయి, ఒళ్లంతా కురుపులతో యోబు బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో గోక్కుంటాడు. బాధ పాపానికి శిక్షేనని మిత్రులు ఎలీఫజు, బిల్దదు, జోఫరు వాదిస్తారు, యోబు ఒప్పుకోడు. బాధ మనిషిని దిద్దే హెచ్చరిక కావచ్చంటాడు, వారి తర్వాత మాట్లాడే ఎలీహు అనే యువకుడు. చివరకు దేవుడు సుడిగాలిలోంచి సృష్టి గురించి ప్రశ్నలు కురిపిస్తాడే తప్ప కారణం చెప్పడు. మిత్రుల మాటలను మాత్రం తప్పుబడతాడు. యోబు సంపద రెట్టింపవుతుంది. ఖుర్ఆన్‌లో ఈయన సహనానికి పేరొందిన అయ్యూబ్ ప్రవక్త.