డాక్సీసైక్లిన్

డాక్సీసైక్లిన్ నోటి ద్వారా తీసుకునే ఒక యాంటీబయాటిక్ ఔషధం. ఇది టెట్రాసైక్లిన్ వర్గానికి చెందినది. స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం), కలరా, బ్రూసెల్లోసిస్ వంటి వ్యాధులలోను, మొటిమల చికిత్సలోను దీనిని వాడతారు. మలేరియా ఉన్న ప్రాంతాలకు వెళ్ళేవారికి నివారణ మందుగా కూడా ఇస్తారు. మాత్రగాను, గొట్టం మాత్ర (క్యాప్సూల్) గాను లభిస్తుంది. సాధారణ జలుబు, ఫ్లూ, డెంగీ వంటి వైరస్ వ్యాధులపై ఇది పనిచేయదు. భారతదేశంలో దీనిని వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసి ఉంటుంది.

చరిత్ర

ఈ వర్గపు మందుల చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన ఘట్టం ఒకటి ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించాడు. అక్కడే వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్ మిస్సోరీ రాష్ట్రపు మట్టి నమూనాలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. బంగారు వన్నె కారణంగా దానికి ఆ పేరు వచ్చింది. 1948లో వెలుగు చూసిన ఈ మందే టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించాడు. తరువాత ఫైజర్ సంస్థ శాస్త్రజ్ఞులు ఆక్సీటెట్రాసైక్లిన్‌ను రసాయనికంగా మార్చి డాక్సీసైక్లిన్‌ను రూపొందించారు. ఇది 1967లో వైబ్రామైసిన్ అనే పేరుతో అమెరికా విపణిలోకి వచ్చింది.

పనిచేసే విధానం

బాక్టీరియా కణంలో మాంసకృత్తులను తయారుచేసే భాగాలను రైబోసోములు అంటారు. డాక్సీసైక్లిన్ వాటిని అంటిపెట్టుకుని ఆ తయారీని ఆపుతుంది. దీనివల్ల బాక్టీరియా వెంటనే చావదు, దాని పెరుగుదల నిలిచిపోతుంది. మిగిలిన పనిని శరీరంలోని రోగనిరోధక శక్తి పూర్తిచేస్తుంది. అందుచేత చికిత్స జరిగినన్నాళ్ళూ రక్తంలో మందు తగినంత ఉండాలి. వేళ తప్పకుండా మింగమని చెప్పడానికి కారణం ఇదే.

స్క్రబ్ టైఫస్ చికిత్స

పొదలలోను, గడ్డిలోను ఉండే నల్లి జాతి పురుగుల పిల్లలు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. విశాఖపట్నం, చిత్తూరుతో సహా ఆంధ్ర ప్రదేశ్‌లోని పలు జిల్లాల్లో ఈ వ్యాధి నమోదైంది. తీవ్రమైన జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు దీని లక్షణాలు. కుట్టిన చోట కొందరిలో నొప్పి లేని నల్లని పెచ్చు కనిపిస్తుంది. అది చంకలు, గజ్జలు వంటి మరుగు చోట్ల ఉండడం వల్ల రోగి గమనించకపోవచ్చు.

పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ వర్గాల మందులు ఈ వ్యాధిపై పనిచేయవు. అనకాపల్లి జిల్లాలో తాండవ నది ఒడ్డున ఉన్న పాయకరావుపేట మొదలు నర్సీపట్నం మీదుగా మన్యం వరకు చేలు, తోటలు, కొండవాలు పొదలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల పనిచేసేవారు జ్వరం వచ్చినప్పుడు దుకాణంలో ఏదో ఒక యాంటీబయాటిక్ కొని మింగితే, విలువైన రోజులు వృథా కావచ్చు. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. తాను చేసే పనిని గురించి, ఒంటిపై ఉన్న పెచ్చును గురించి రోగి వైద్యునికి చెప్పడం ఎంతో ముఖ్యం.

పెద్దవారికి సాధారణంగా 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, 7 రోజులు ఇస్తారు. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. వ్యాధి తీవ్రమైనప్పుడు ఈ రెండు మందులను కలిపి నరం ద్వారా ఇవ్వడం మేలని భారతదేశంలో జరిగిన ఒక పరిశోధన 2023లో వెల్లడించింది.

వాడే విధానం

* మాత్రను నిండు గ్లాసు నీటితో, కూర్చుని గాని నిలబడి గాని మింగాలి. ఆ తరువాత కనీసం అరగంట పడుకోరాదు. మాత్ర అన్నవాహికలో చిక్కుకుంటే అక్కడ పుండు పడుతుంది. రాత్రి పడుకోబోయే ముందు గుక్కెడు నీటితో మింగడం ఈ ప్రమాదానికి ముఖ్య కారణం.
* కడుపులో వికారం ఉంటే ఆహారంతో తీసుకోవచ్చు. పాలతో తీసుకుంటే ఒంటికి పట్టే మందు సుమారు 20 శాతం తగ్గుతుంది.
* ఇనుము, కాల్షియం, జింకు మాత్రలకు, కడుపు మంటకు వాడే ఆంటాసిడ్లకు ఈ మందుతో 2, 3 గంటల ఎడం ఉండాలి. ఇవి మందుతో కలిసి దానిని రక్తంలోకి చేరనివ్వవు.
* ఒక పూట మరచిపోతే గుర్తు వచ్చిన వెంటనే వేసుకోవాలి. తరువాతి మోతాదు వేళ దగ్గరపడితే మరచినదానిని వదిలివేయాలి. రెండు మోతాదులు ఒకేసారి వేసుకోరాదు.
* స్క్రబ్ టైఫస్‌లో జ్వరం తరచుగా 2 రోజులలోనే తగ్గుతుంది. అంతమాత్రాన మందు ఆపరాదు. వ్యాధి తిరగబెట్టవచ్చు. ఎన్నాళ్ళు వాడాలో వైద్యుడే నిర్ణయించాలి.
* 2 రోజులైనా జ్వరం తగ్గకపోతే మళ్ళీ వైద్యుని వద్దకు వెళ్ళాలి.

జాగ్రత్తలు

గర్భిణులకు, 8 సంవత్సరాల లోపు పిల్లలకు ఈ వర్గపు మందులను సాధారణంగా ఇవ్వరు. ఎదిగే పళ్ళకు శాశ్వతంగా పసుపు రంగు పట్టే అవకాశం ఉండడమే దీనికి కారణం. అయితే స్క్రబ్ టైఫస్ వంటి ప్రాణాంతక వ్యాధులలో పిల్లలకు కొద్దిరోజుల పాటు వైద్యులు దీనినే ఇస్తారు. మూర్ఛకు వాడే ఫినటాయిన్, కార్బమజపైన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ తీసుకునేవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

దుష్ఫలితాలు

వికారం, వాంతులు, విరేచనాలు సాధారణంగా కనిపించేవి. చర్మం ఎండకు త్వరగా కందిపోతుంది కనుక పొలం పనివారు నిండు చేతుల చొక్కా, తలపాగా ధరించడం మంచిది. మింగేటప్పుడు ఛాతీలో నొప్పి, చూపు మసకబారడంతో కూడిన తీవ్రమైన తలనొప్పి, ఆగని విరేచనాలు, రక్త విరేచనాలు కనిపిస్తే వెంటనే వైద్యుని సంప్రదించాలి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా మందు ఆపి ఆసుపత్రికి చేరాలి.

నిరోధకత

అవసరం లేకుండా వాడడం వలన మందుకు లొంగని బాక్టీరియా పెరుగుతుంది. దీనిపై ప్రజలకు అవగాహన కలిగించేందుకు భారత ప్రభుత్వం 2016లో ఎర్రగీత ప్రచారాన్ని ప్రారంభించింది. అట్టపై నిలువు ఎర్రగీత ఉన్న మందును వైద్యుని చీటీ లేకుండా వాడరాదని దీని భావం. మిగిలిన మాత్రలను మరొకరికి ఇవ్వడం, మరో జ్వరానికి దాచడం తగదు. కాలం చెల్లిన టెట్రాసైక్లిన్ మందుల వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలు 1960లలో వెలుగులోకి వచ్చాయి. కనుక అట్టపై గడువు తేదీని తప్పక చూడాలి.