రాతతో పాటు చదివే సాధనం: ఆస్బార్న్ 1 కంప్యూటర్, నెల్లూరు తీరపు తెలుగు డిజిటల్ ప్రతులు

1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్‌లో ఆస్బార్న్ 1 అనే యంత్రం మొదటిసారి ప్రజల ముందుకు వచ్చింది. బరువు దాదాపు 11 కిలోలు. తెర 5 అంగుళాలు. జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. ధర 1,795 డాలర్లు. వాణిజ్యపరంగా విజయం సాధించిన తొలి పోర్టబుల్ కంప్యూటర్‌గా చరిత్రకారులు దీన్ని పేర్కొంటారు. అంతకుముందే 1975లో ఐబీఎం 5100 వచ్చినా, పాతిక కిలోల దాకా బరువున్న ఆ యంత్రాన్ని పోర్టబుల్ అనడం మాటవరసకే చెల్లుతుంది. ఆస్బార్న్ సంస్థ రెండున్నరేళ్లు నిండకముందే, 1983 సెప్టెంబరులో దివాలా తీసింది. సంస్థ పోయినా యంత్రం నిలిచింది. నాలుగు దశాబ్దాల తరువాత కూడా దాన్ని బాగుచేసి వాడుకునేవారు ఉన్నారు. దాని ఫ్లాపీల ప్రతులు, చేపుస్తకాలు, కంప్యూటర్‌లో దాని పనితీరును అనుకరించే ఎమ్యులేటర్లు నేటికీ అందుబాటులో ఉన్నాయి.

ఈ ఆకర్షణకు సాధారణంగా చెప్పే కారణాలు రెండు: అది మొట్టమొదటిది కావడం, పాతవస్తువుల మీద సహజంగా ఉండే మోజు. ఈ రెండూ కాదనలేనివే అయినా చాలవు. మొట్టమొదటివి అయినంత మాత్రాన అన్ని యంత్రాలూ పనిచేసే స్థితిలో మిగలలేదు. ఆస్బార్న్ 1 తాను రాసినదాన్ని తిరిగి చదవడానికి కావలసినవన్నీ తనతోనే మోసుకువచ్చింది. దాని మనుగడకు మూలం ఇదేనన్నది ఈ వ్యాస ప్రతిపాదన. నెల్లూరు తీరం నుంచి చూసినప్పుడు ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. తాటాకు మీద రాతను తరతరాలు మోసిన ప్రాంతమిది. డీటీపీ కాలంలో రాసుకున్నదాన్ని ఒక్క తరం గడవకముందే చదవలేని స్థితికి వచ్చిన ప్రాంతం కూడా ఇదే.

పుస్తకాల మనిషి చేసిన యంత్రం

ఈ యంత్రానికి పేరిచ్చిన ఆడమ్ ఆస్బార్న్ 1939లో బ్యాంకాక్‌లో జన్మించాడు. తండ్రి ఆర్థర్ ఆస్బార్న్ రమణమహర్షి భక్తుడు, 1964లో ఆరంభమైన ‘ది మౌంటెన్ పాత్’ పత్రికకు తొలి సంపాదకుడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆర్థర్ బ్యాంకాక్‌లో జపాను సైన్యం నిర్బంధంలో ఉండగా, తల్లి లూసియా పిల్లలతో తిరువణ్ణామలైలో ఉన్నది. తెలుగువారు అరుణాచలమని పిలుచుకునే ఆ ఊళ్లోనే ఆడమ్ బాల్యం గడిచింది. సూరి నాగమ్మ తన అన్నగారికి తెలుగులో రమణాశ్రమ లేఖలు రాయడం మొదలుపెట్టిన 1945 నాటికి అతనికి ఆరేళ్లు. తెలుగు లేఖాసాహిత్యంలో విశిష్టమైన ఆ రచన, పోర్టబుల్ కంప్యూటర్‌ను జనంలోకి తెచ్చిన వ్యక్తి బాల్యం ఒకే ఆశ్రమ ప్రాంగణానికి చెందినవి. దీనినుంచి కార్యకారణ సంబంధాన్ని లాగనక్కరలేదు. అయినా కంప్యూటర్ చరిత్రను కాలిఫోర్నియాకే పరిమితం చేసే అలవాటుకు ఇది చిన్న సవరణ. ఆడమ్ తన చివరి రోజులు కొడైకెనాల్‌లో గడిపి 2003లో అక్కడే మరణించాడు.

అతను వృత్తిరీత్యా మొదట రసాయన ఇంజనీరు. తరువాత సాంకేతిక గ్రంథ రచయిత, ప్రచురణకర్త. మైక్రోకంప్యూటర్ల మీద అతను వేసిన పుస్తకాలు బాగా అమ్ముడుపోయి, ఆ ప్రచురణ సంస్థను 1979లో మెక్‌గ్రా-హిల్ కొనుగోలు చేసింది. యంత్ర నిర్మాణం చేసినవాడు లీ ఫెల్సెన్‌స్టీన్. యంత్రంతో పాటు కొనుగోలుదారుకు ఏమేమి ఇవ్వాలన్న ఆలోచనలో మాత్రం ప్రచురణకర్త ముద్ర కనిపిస్తుంది. రాతకు వర్డ్‌స్టార్, లెక్కలకు సూపర్‌కాల్క్, బేసిక్ భాష, వీటన్నిటికీ ఆధారమైన సీపీ/ఎం నిర్వహణ వ్యవస్థ, చేపుస్తకం: అన్నీ ఒకే ధరకు ఇచ్చారు. విడిగా కొంటే ఆ సాఫ్ట్‌వేర్ల విలువే యంత్రం ధరకు దగ్గరగా ఉండేది. మూత తీస్తే అదే కీబోర్డు. లోపల తెర, దానికి రెండు పక్కలా రెండు ఫ్లాపీ డ్రైవులు. కుట్టుమిషను పెట్టెలా పిడి పట్టుకుని తీసుకుపోవచ్చు.

తీసుకుపోయిన చోట కరెంటు ఉండాలన్నది వేరే సంగతి. దానిలో బ్యాటరీ లేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తుఫానులు తీరం దాటినప్పటి పరిస్థితుల్లో ఇలాంటి యంత్రం ఎక్కడికి మోసుకుపోయినా బరువు తప్ప ఉపయోగం ఉండేది కాదు. కాబట్టి ‘పోర్టబుల్’ అన్న మాటను పిడిని బట్టి కాక, పెట్టెలో ఏమున్నదన్న దాన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

సంస్థ పతనం గురించి మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఒక కథ చెబుతారు. రాబోయే నమూనాను ముందుగా ప్రకటించడంతో ఉన్న నమూనా అమ్మకాలు ఆగిపోయాయని, దానికే ‘ఆస్బార్న్ ఎఫెక్ట్’ అని పేరు. కైప్రో వంటి పోటీ యంత్రాలు, సంస్థ లోపలి లెక్కల గందరగోళం కూడా కారణాలేనన్న వాదం ఉంది. ఒక్క కారణంతో ముగిసే కథ సులభంగా గుర్తుంటుంది కనుక మొదటిదే ప్రచారంలో నిలిచింది.

తాటాకు పంక్తి, తెర పంక్తి

ఆస్బార్న్ తెర మీద ఒకసారికి 24 వరుసలు, వరుసకు 52 అక్షరాలు కనిపించేవి. యంత్రం జ్ఞాపకంలో మాత్రం వరుస పొడవు 128 అక్షరాలు. పొడవైన పంక్తిని చిన్న కిటికీలోంచి పక్కకు జరుపుకుంటూ చదవాలి. తాళపత్రం చదివినవారికి ఈ అనుభవం పూర్తిగా కొత్త కాదు. తాటాకు మీద కూడా పంక్తి పొడుగ్గా సాగుతుంది. చూపు ఎడమ కొస నుంచి కుడి కొసకు ప్రయాణం చేయవలసిందే.

13వ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానంలో, విక్రమసింహపురి అని పేరున్న ఈ నెల్లూరులోనే తిక్కన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగించాడు. ఆయన చెబుతుంటే గురునాథుడు గంటంతో రాశాడని ఐతిహ్యం. ఆ రాతప్రతే నేటిదాకా నిలిచి ఉండటం వల్ల మనకు భారతం దక్కలేదు. తీరప్రాంతపు చెమ్మలో, చెదల మధ్య ఏ తాటాకూ అంతకాలం నిలవదు. ఆకు శిథిలమయ్యేలోగా మరొకరు దాన్ని చదివి ఎత్తి రాశారు. చదవడానికి కావలసింది లిపి తెలిసిన కన్ను, ఎత్తి రాయడానికి కావలసింది మరో ఆకు, గంటం. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను పెట్టి చేయించినదీ ప్రధానంగా ఇదే పని. తాళపత్ర సంప్రదాయంలో రాతనూ దాన్ని చదివే సాధనాన్నీ ఎవరూ విడదీయలేదు.

ఆస్బార్న్ 1 అభిమానులు చేస్తున్నది కూడా ప్రతిలేఖనమే. ఫ్లాపీ పాడయ్యేలోగా దాని ప్రతిబింబాన్ని మరో మాధ్యమంలోకి ఎత్తుకుంటారు. సీపీ/ఎం మూలసంకేతం అందుబాటులో ఉండటం, చేపుస్తకం వివరంగా ఉండటం, వర్డ్‌స్టార్ దస్త్రాలలో అక్షరాలు చాలావరకు ఆస్కీ సంకేతాలే కావడం వల్ల ఈ పని సాధ్యమైంది.

అనూ కాలపు దస్త్రాలు

తెలుగు కంప్యూటర్‌లోకి వచ్చిన మార్గం వేరు. ఆస్బార్న్‌లో అక్షర రూపాలు చిప్‌లోనే స్థిరపరచి ఉండేవి. గుణింతాలు, వత్తులు గల లిపికి అందులో చోటు లేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీ-డాక్ చేతుల్లో పెరిగిన జిస్ట్ కార్డు ఈ లోటును తీర్చిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది. భారతీయ భాషలకు ఉమ్మడి సంకేతపద్ధతి అయిన ఇస్కీ 1991లో జాతీయ ప్రమాణమైంది. అదే ఏడాది వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు స్థానం దక్కింది. కాగితం మీద మార్గం సుగమమైంది. డీటీపీ కేంద్రాలు మాత్రం ఆ మార్గాన నడవలేదు.

నెల్లూరు, కావలి, గూడూరు వంటి కళాశాలలున్న పట్టణాల్లో 1990ల నుంచి సిద్ధాంత గ్రంథాలు, సావనీర్లు, కవితాసంపుటాలు, కరపత్రాలు ఎక్కువగా పేజ్‌మేకర్‌లో, అనూ, శ్రీలిపి వంటి ఫాంట్లతో తయారయ్యాయి. ఈ ఫాంట్ల పద్ధతిలో తెలుగు అక్షరానికి తనదైన సంకేతం ఉండదు. తలకట్టు, కొమ్ము, వత్తు వంటి ముక్కలను రోమన్ అక్షరాల స్థానాల్లో అమర్చి, తెర మీద తెలుగులా కనిపించేలా చేస్తారు. ఫాంటు ఉంటే పద్యం, లేకుంటే అర్థంలేని రోమన్ గుర్తుల వరుస. ఒక ఫాంటు కుటుంబంలోని అమరిక మరొకదానితో కలవదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు చేరినా, ముద్రణారంగం చాలాకాలం పాత పద్ధతిలోనే కొనసాగింది. అచ్చు చక్కగా రావడమే అక్కడ గీటురాయి. దస్త్రాన్ని పదేళ్ల తరువాత ఎవరో తెరుస్తారన్న ఆలోచన ఆ వ్యాపారంలో భాగం కాదు. అందుకు వారిని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు.

ఇదే కాలంలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు తెరకెక్కించిన పద్ధతితో పోలిస్తే తేడా తెలుస్తుంది. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ఆర్‌టీఎస్‌గా ప్రసిద్ధమైన లిప్యంతరీకరణలో తెలుగు మాటలను మామూలు రోమన్ అక్షరాల్లో, నియమబద్ధంగా రాసేవారు. చూడటానికి అందం తక్కువే. అయితే 1990లలో అలా రాసిన పద్యాన్ని ఈనాడు ఏ యంత్రం మీదనైనా చదవవచ్చు, యూనికోడ్‌లోకి మార్చవచ్చు. ఆస్బార్న్ 1 తెర మీద కూడా అది యథాతథంగా కనిపిస్తుంది. అదే పద్యం అప్పటి డీటీపీ దస్త్రంలో ఉంటే, సరైన ఫాంటు, సరైన సాఫ్ట్‌వేర్ సంచిక, దాన్ని నడిపించే పాత విండోస్ దొరికితే తప్ప తెరుచుకోదు.

మార్పిడి సాధనాలు ఉన్నాయి. వత్తులు తారుమారు కావడం, అరుదైన సంయుక్తాక్షరాలు జారిపోవడం వాటితో తరచు ఎదురయ్యే ఇబ్బందులు. పరిష్కర్త దృష్టితో చూస్తే ఇవి లేఖక దోషాల వంటివే. తాళపత్ర పరిష్కరణలో పాఠభేదాలను గుర్తించడానికి వాడే శిక్షణ ఇక్కడా పనికి వస్తుంది. కనుక ఇది సాంకేతిక నిపుణులకు వదిలేయదగిన పని కాదు, తెలుగు శాఖల పని.

పని క్రమం స్పష్టంగానే ఉంది. ఫ్లాపీ మీది అయస్కాంత పూత, రేకు మూత సముద్రతీరపు ఉప్పుగాలిలో త్వరగా చెడిపోతాయి కనుక మొదట ఫ్లాపీలు, సీడీల ప్రతిబింబాలు తీయాలి. ఆయా దస్త్రాలకు వాడిన ఫాంట్లను, కీబోర్డు అమరికలను, వీలైతే పాత కంప్యూటర్‌నే, వాటితో కలిపి భద్రపరచాలి. అన్నిటికన్నా ముఖ్యం అదే రచన అచ్చుప్రతి. దస్త్రంలోని గుర్తుల వరుసను అచ్చైన పేజీతో పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే ఏ గుర్తు ఏ వత్తుకో తేలి, మార్పిడి పట్టిక తయారవుతుంది. అందుచేత గ్రంథాలయ గదుల్లో చోటు చాలడం లేదని పాత సిద్ధాంత గ్రంథాల టైపు ప్రతులను తీసివేయదలచినప్పుడు, వాటి ఫ్లాపీలు తెరుచుకున్నాయో లేదో ముందుగా చూడవలసి ఉంటుంది.