జైతూను రేవున ముస్లిం వర్తకులు

చైనాదేశపు ఆగ్నేయ తీరమున, ఫూజియన్ రాష్ట్రములో, చ్వాన్‌జో అను రేవు నగరము కలదు. ఒకప్పుడు ఆ నగరము చుట్టును ఎఱ్ఱని పూలు పూచెడి చెట్లు నాటిరి. అవి మన బాదిత చెట్టు జాతివే. చీనీయులు వానిని 'త్సితుంగ్' అనిరి. ఆ మాట అరబ్బుల నోటబడి 'జైతూను' అయ్యెను. జైతూను అనగా వారి భాషలో ఆలివు. 1345 ప్రాంతమున అచ్చటికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా, ఈ ఊర ఆలివు చెట్టు ఒక్కటియు లేదని వ్రాసినాడు. పేరు మాత్రము లోకమంతట జైతూనుగనే చెల్లినది.

ఆ పేరును దేశదేశములకు మోసిన వర్తకుల గాథ కొంత తెలిసికొందము.

సుంగు ప్రభువులు 1087లో చ్వాన్‌జోలో సముద్ర వ్యాపారమునకు ప్రత్యేకముగ ఒక కార్యాలయము నెలకొల్పిరి. నైరృతి గాలితో ఓడ రేవు చేరగనే అధికారులు సరకు పరీక్షింతురు. సుంకముగ కొంత తీసికొందురు. కొంత తాము కట్టిన వెలకు కొందురు. మిగిలినదే వర్తకుడు అమ్ముకొనవలెను. మిరియములు, సాంబ్రాణి, గంధపు చెక్క, ఏనుగు దంతము దిగును. పట్టు, పింగాణి ఎక్కును. తిరిగి ఈశాన్యపు గాలి వీచువరకు ఓడ కదలదు. ఆ నెలల నిరీక్షణ కొందరికి ఏండ్లయినది, కొందరికి జీవితమే అయినది. అచ్చటనే ఇండ్లు కట్టిరి, పెండ్లాడిరి. నేటికిని నిలిచియున్న రాతి మసీదు 1009-10లో వెలసినదని, షీరాజు వంశీయుడొకడు 1310లో బాగుచేయించెనని దాని గోడపైని అరబ్బీ శాసనము చెప్పుచున్నది.

క్రొత్తగా వచ్చిన ముస్లిం వర్తకుడు తనవారిలో ఒకరి ఇంట దిగవచ్చును. ఇంటివాడు అతని సొమ్ము దాచి, దానినుండియే ఖర్చుపెట్టి, పోవునాడు లెక్క అప్పగించును. ఏమైన తగ్గినచో తానే ఇచ్చుకొనవలెను. ఇదియు ఇబన్ బతూతా వ్రాసినదే. పరదేశమున వర్తకునికి ఇట్టి భరోసాయే ప్రాణము. మన మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనము వేయించి, గాలివానకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజు లాగుకొను ఆచారమును మాన్పినదియు ఇందులకే.

చ్వాన్‌జోలో ఆ భరోసా తప్పినది. 1276లో మంగోలులు రాజధాని హాంగ్‌జోను పట్టుకొనగా, సుంగు పరివారము బాలరాజుతో సముద్రముమీద దక్షిణమునకు పారిపోయి ఈ రేవు చేరెను. రేవులోని వ్యాపారాధికారము అప్పుడు పూ షోగెంగ్ అను విదేశ ముస్లిం వంశీయుని చేతిలో నుండెను. సుంగు సేనాని అతని ఓడలను, సరకును బలవంతముగ లాగుకొనెను. పూ ఆగ్రహించి, ఊరిలోని రాజబంధువులను చంపించి, నగరమును మంగోలుల పరము చేసెను. ఇది ద్రోహమా, వర్తకుని లెక్కయా అని పండితులు తర్కింతురు. ఓడలు పోయినవాని కోపము మనకు అర్థమగును గాని, ఆ హత్యలను లెక్క అనుటకు మనసొప్పదు. 1974లో చ్వాన్‌జో అఖాతపు బురదనుండి త్రవ్వి తీసిన ఓడ ఆ కల్లోలపు సంవత్సరములదే. అందు మిరియములతోపాటు 2,400 కిలోల సుగంధపు చెక్కలు దొరకినవి.

మంగోలుల ఏలుబడిలో విదేశీయులకు పెద్ద కొలువులు లభించెను. అంతకంతకు స్థానికుల అసూయయు పెరిగెను. 1357లో అచ్చటి పారసీక సైనికులు తిరుగబడిరి. తొమ్మిదేండ్ల పోరు 1366లో అణగినప్పుడు విదేశీయులు ఊచకోతకు గురియైరి. వారి సమాధి రాళ్లు అనేకము కోటగోడలలో కూరబడెను.

ఇరవయ్యవ శతాబ్దిలో ఆ గోడలు పడగొట్టునప్పుడు వూ వెన్‌లియాంగ్ అను బడిపంతులు రాళ్లను ఒక్కొక్కటిగా సేకరించి, 1957లో వానిపై గ్రంథము వెలువరించెను. షీరాజు, తబ్రీజు, ఇస్ఫహాను అను ఊళ్ల పేర్లు వానిపై చదువవచ్చును. చావు తప్పిన కుటుంబములు చీనా పేర్లు పెట్టుకొని సమీప పల్లెలలో మరుగుపడెను. చెన్‌దాయ్ పల్లెలోని దింగ్ వంశమువారు అట్టివారు. తరతరములుగ చీనా మర్యాదలనే పాటించినను, పితరులకు పెట్టు నైవేద్యములో మాత్రము వారు పందిమాంసము ఉంచరు.