బైక్‌ను నెలల తరబడి మూలన పెడుతున్నారా.. కవర్ కప్పేస్తే పనైపోదు.. ముందు ఇవి చూసుకోండి!

గల్ఫ్‌కు వెళ్లే ముందు రోజు బైక్‌ను శుభ్రంగా కడిగి, వరండాలోకి ఎక్కించి, పైన పాత దుప్పటి కప్పి, తాళం తమ్ముడి చేతిలో పెట్టి వెళ్లిపోతారు. ఏడాది తర్వాత వచ్చి స్టార్ట్ చేస్తే.. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ డెడ్. టైర్లలో గాలి లేదు. ట్యాంక్ మూత తీస్తే పెట్రోల్ వాసనే మారిపోయి ఉంటుంది. తిరిగే బండే అరుగుతుంది, ఆపిన బండికి ఏమవుతుందిలే అని చాలా మంది అనుకుంటారు. కానీ ఆగి ఉన్న బండి కూడా లోపల్లోపల పాడవుతూనే ఉంటుంది.

కెనడా, జర్మనీ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో బైక్ ఉన్నవాళ్లకు ఇది ఏటా ఉండే పనే. మంచు మొదలవ్వగానే బండిని షెడ్డులో పెట్టి, మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలల్లో బయటకు తీస్తారు. వాళ్లు పాటించే జాగ్రత్తల్లో చాలావరకు మన దగ్గరా పనికొస్తాయి. కాకపోతే అక్కడ శత్రువు మంచు, ఇక్కడ తేమ, ఎండ, ఎలుకలు.

పెట్రోల్‌తోనే అసలు తలనొప్పి

ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం వరకు ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంక్ అడుగుకు దిగిపోతాయి. ఇంజిన్‌కు ముందుగా వెళ్లేది ఆ అడుగున ఉన్నదే. ఇక ట్యాంక్ సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో తేమ చేరి, లోపలి ఇనుప గోడలు తుప్పు పడతాయి.

అందుకే రెండు, మూడు నెలలు ఆపేటట్లయితే ట్యాంక్ దాదాపు నిండుగా ఉంచడం మేలు. అలాగని మూత దాకా నింపకూడదు. మన ఎండలకు పెట్రోల్ వ్యాకోచిస్తుంది కాబట్టి కొంచెం ఖాళీ వదలాలి. బైక్ యాక్సెసరీస్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఫ్యూయల్ స్టెబిలైజర్ దొరుకుతుంది. డబ్బా మీద రాసిన మోతాదులో కలిపి, ఇంజిన్‌ను ఐదు, పది నిమిషాలు నడిపితే మందు కలిసిన పెట్రోల్ ఇంజెక్టర్ దాకా చేరుతుంది. కలిపి వదిలేస్తే ట్యాంక్‌లోనే ఉండిపోతుంది, ఉపయోగం సగమే.

కార్బొరేటర్ ఉన్న పాత బండి అయితే ఇంకో పని ఉంది. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన కాస్త పెట్రోల్ ఆవిరై జిగురులా గడ్డకట్టి, సన్నటి జెట్‌లను మూసేస్తుంది. పెట్రోల్ ట్యాప్ కట్టేసి ఇంజిన్ దానంతట అదే ఆగేదాకా నడపాలి. తర్వాత గిన్నె కింది స్క్రూ వదులు చేసి మిగిలింది వంపేయాలి. ఏడాది పైన ఆపేస్తుంటే మాత్రం ట్యాంక్ ఖాళీ చేయించి, లోపల తుప్పు పట్టకుండా ఏం చేయాలో మెకానిక్‌తోనే చేయించడం మంచిది. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. పూజ గదిలో దీపం వెలుగుతుండగా పక్క వరండాలో పెట్రోల్ వంపడం లాంటి సాహసాలు అసలు వద్దు.

వారానికోసారి స్టార్ట్ చేస్తే చాలా?

ఇంట్లో వాళ్లకు అందరూ అప్పగించే డ్యూటీ ఇదే. "వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచు" అని చెప్పి వెళతారు. నిజానికి దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయిన ఛార్జ్ ఐదు నిమిషాల ఐడ్లింగ్‌లో పూర్తిగా తిరిగి రాదు. ఇంజిన్ సరిగా వేడెక్కదు కాబట్టి మంటలోంచి పుట్టిన నీటి ఆవిరి సైలెన్సర్‌లో, ఇంజిన్ ఆయిల్‌లో అలాగే మిగిలిపోతుంది. సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టేది ఇలాగే. లైసెన్స్ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే రెండు వారాలకోసారి కనీసం అరగంట రోడ్డు మీద తిప్పి రావాలి. లేదంటే అసలు ముట్టుకోకుండా ఉంచడమే నయం. షట్టర్ వేసిన గదిలో, గాలి ఆడని సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి ఉంచడం ప్రాణాలకే ముప్పు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు.

బ్యాటరీని విప్పి పక్కన పెట్టాల్సిందే. గడియారం, ఈసీయూ, అలారం లాంటివి కీ తీసేసినా కొద్దికొద్దిగా ఛార్జ్ తాగుతూనే ఉంటాయి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు దీనికి రివర్స్. నిండుగా ఛార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మీటర్ మీద 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తుంది. 12.4 కంటే తగ్గితే ఛార్జ్ పెట్టాలి. పూర్తిగా దిగిపోయి నెలల తరబడి అలాగే ఉంటే లోపలి ప్లేట్లు పాడై, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా నిలవదు.

ఆయిల్, చైన్, టైర్లు

ఆయిల్ బండి తీసేటప్పుడు మారుద్దాం అనుకుంటారు. అలా కాదు, పెట్టేటప్పుడే మార్చాలి. వాడిన ఆయిల్‌లో ఉండే తేమ, ఆమ్లాలు నెలల పాటు ఇంజిన్ భాగాలను అంటిపెట్టుకుని ఉంటాయి. బండి కడిగితే పూర్తిగా ఆరాకే చైన్‌కు లూబ్ వేయాలి. డిస్క్ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి పట్టించి మెయిన్ స్టాండ్ వేయాలి. స్టాండ్ లేని బండి అయితే నెలకోసారి కాస్త ముందుకో వెనక్కో జరపండి. ఒకేచోట బరువు పడితే టైర్ అక్కడ చదునైపోతుంది.

ఎలుకలు ఊరుకోవు

సీటు కింద వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఎలుకకు అంతకన్నా మంచి ఇల్లేముంది? వైర్లు కొరికితే ఖర్చు వేలల్లోకి పోతుంది. సైలెన్సర్ గొట్టంలో కందిరీగలు మట్టితో గూడు కట్టడం కూడా మామూలే. ఇంజిన్ చల్లారాక గొట్టానికి రంగు గుడ్డ కుక్కి, తీయడం మర్చిపోకుండా హ్యాండిల్‌కు ఓ చీటీ కట్టండి. పైన ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, తేమను లోపలే పట్టి ఉంచుతుంది. గాలి ఆడే బట్ట కవరే వాడాలి.

చలి దేశాల్లో ఉన్నవాళ్లయితే

రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. చివరి రైడ్ తర్వాత ఆ ఉప్పు పోయేలా కడగకపోతే వసంతానికి చైన్ ఎర్రబడుతుంది. లిక్విడ్ కూల్డ్ ఇంజిన్‌లో కూలెంట్ బదులు ఉత్త నీళ్లు పోసి ఉంటే అవి గడ్డకట్టి, వ్యాకోచించి ఇంజిన్‌నే పగలగొట్టగలవు. బ్రిటన్‌లో అయితే రోడ్డెక్కని బండికి ట్యాక్స్, ఇన్సూరెన్స్ ఆపాలంటే ఆ సంగతి ప్రభుత్వానికి ముందే తెలియజేయాలి. జర్మనీలో సీజన్ నంబర్ ప్లేట్లు ఉంటాయి. ఆ ప్లేట్ మీద రాసిన నెలల్లోనే బండి రోడ్డు మీద ఉండాలి, మిగతా నెలల్లో వీధిలో పార్క్ చేయడం కూడా కుదరదు.

ఇన్సూరెన్స్ మర్చిపోతే..

మన దగ్గర ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైక్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. దాంతో ఐదేళ్లదాకా చింత లేదనుకుంటారు. కానీ థర్డ్ పార్టీ మీ బండి దొంగతనానికి, అగ్నిప్రమాదానికి, వరదకు పైసా ఇవ్వదు. వాటికి ఓన్ డ్యామేజ్ కవర్ ఉండాలి. అది చాలా పాలసీల్లో ఏడాదికే ముగుస్తుంది. గడువు దాటి 90 రోజుల్లో రెన్యూవల్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. ఇంట్లో ఉన్న బండికి ఇదంతా ఎందుకంటారా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ల ముందు ఆపి ఉన్న బండ్లు కూడా మునిగాయి. అలా మునిగిన బండిని సెల్ఫ్ కొట్టకుండా మెకానిక్ దగ్గరికి చేర్చాలి. లోపలికి నీరు చేరిన ఇంజిన్‌ను తిప్పితే నష్టం ఇంకా పెరుగుతుంది.

బయటకు తీసిన రోజు

గొట్టంలోని గుడ్డ తీయండి. బ్యాటరీ బిగించి, టైర్లలో గాలి పట్టించి, పక్కగోడల్లో పగుళ్లున్నాయేమో చూడండి. క్లచ్ ప్లేట్లు అంటుకుపోయి ఉండొచ్చు. గేర్ వేసి క్లచ్ పట్టి, ఇంజిన్ ఆఫ్‌లో ఉండగానే బండిని ముందుకూ వెనక్కూ ఊపితే చాలాసార్లు విడిపోతాయి. బ్రేక్ లీవర్ మెత్తగా లోపలికి పోతున్నా, బ్రేక్ ఆయిల్ నల్లగా మారినా బండిని రోడ్డెక్కించొద్దు. అంతా బాగుందనిపించినా ముందు ఖాళీ వీధిలో నెమ్మదిగా పోనిచ్చి, రెండు బ్రేకులూ నాలుగైదు సార్లు పట్టి చూశాకే మెయిన్ రోడ్డు ఎక్కాలి.