నిద్ర, స్థౌల్యం: కృష్ణా డెల్టా సామాజిక చరిత్రలో ఒక భావన పరిణామం

ఉపోద్ఘాతం

లావుగా ఉన్న మనిషిని గురించి తెలుగు సమాజంలో స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. తిని పడుకోవడం వల్ల ఒళ్లు వస్తుందని, నిద్ర తగ్గించుకుంటే ఒళ్లు తగ్గుతుందని ఆ అభిప్రాయ సారాంశం. గత రెండు దశాబ్దాల వైద్యపరిశోధన దాదాపు దీనికి విరుద్ధమైన నిర్ణయానికి వచ్చింది. రాత్రి చాలినంత నిద్రలేనివారికి ఆకలి పెరుగుతుందని, వారు పథ్యం చేసినా శరీరం కొవ్వును కాక కండను ఎక్కువగా కోల్పోతుందని ఆ పరిశోధన తెలుపుతున్నది. ఈ రెండు అభిప్రాయాల మధ్య వైరుద్ధ్యం ఎంతవరకు వాస్తవం? సంప్రదాయ వైద్యం నిజంగా నిద్రను స్థౌల్యానికి కారణంగా చెప్పిందా, లేక అది చెప్పిన దానిలో కొంత లోకోక్తిలో జారిపోయిందా? విజయవాడను, కృష్ణా డెల్టాను ఆధారంగా తీసుకుని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కరువు నుంచి అన్నసమృద్ధికి, చీకటి రాత్రి నుంచి దీపాల రాత్రికి ఒకటిన్నర శతాబ్దంలో మారిన ప్రాంతం ఇది. కాబట్టి ఈ భావన పరిణామాన్ని గుర్తించడానికి ఇది అనువైన క్షేత్రం.

పలుకుబడిలో ఒళ్లు, నిద్ర

తెలుగు పలుకుబడి శరీరపుష్టిని రెండు విధాలుగా చూసింది. చాలాకాలానికి కనిపించిన బంధువును ‘చిక్కిపోయావు’ అని పలకరించడంలో ఆందోళన ఉంది. ‘కాస్త ఒళ్లు చేశావు’ అనడంలో సంతోషం ఉంది. అదే పుష్టి ఇతరులలో కనిపించినప్పుడు ‘ఒళ్లు బలిసింది’, ‘కొవ్వెక్కింది’ అనే మాటలుగా మారి అహంకారాన్ని సూచిస్తుంది. అంటే ఈ భాషలో కొవ్వు శరీరధాతువు మాత్రమే కాదు, శీలాన్ని అంచనా కట్టే కొలమానం కూడా.

నిద్ర విషయంలోనూ ఇదే ద్వైధం ఉంది. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అనే సామెత ఆకలిని, నిద్రను ఒకే వరుసలో నిలిపి, రెండింటినీ దేహం కాదనలేని అవసరాలుగా అంగీకరించింది. ‘మొద్దు నిద్ర’, ‘నిద్రమొహం’ వంటి మాటలు మాత్రం నిద్రను జడత్వంతో ముడిపెట్టాయి. భోజనానంతరం కలిగే బరువుకు ‘భుక్తాయాసం’ అనే ప్రత్యేకమైన మాట ఉండటం, దానిని తీర్చుకోవడానికి నడుం వాల్చడం ఆచారంగా ఉండటం గమనింపదగినవి. తెలుగువారు తిండికి, పగటి నిద్రకు ఉన్న సంబంధాన్ని స్పష్టంగా గుర్తించి దానికి పేరు పెట్టుకున్నారు. రాత్రి నిద్రలేమికి, తిండికి ఉన్న సంబంధానికి అటువంటి పేరు ఏర్పడలేదు.

ఆచారం కూడా ఈ భావనను బలపరిచింది. మహాశివరాత్రినాడు ఉపవాసం, జాగరణ జంటగా సాగుతాయి. తిండి మానడం, నిద్ర మానడం ఒకే నిగ్రహానికి రెండు ముఖాలుగా భావితమైనాయి. స్త్రీల పాటలలో ప్రసిద్ధమైన ‘ఊర్మిళాదేవి నిద్ర’లో లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఊర్మిళ నిద్రలో ఉంటుంది. ఆయన మెలకువకు ఆమె నిద్ర బదులని జనశ్రుతి. ఒకరు మేలుకొంటే ఆ నిద్రను మరొకరు చెల్లించవలసిందేనన్న ఈ ఊహలో, నిద్ర మానినంత మాత్రాన ఆ అవసరం తీరిపోదనే గ్రహింపు ఉంది. జాగరణను కీర్తించిన సంప్రదాయంలోనే దాని వెలను గుర్తించిన గొంతు స్త్రీలది కావడం విశేషం.

ఆయుర్వేద గ్రంథాలు చెప్పినది

చరకసంహిత సూత్రస్థానంలోని 21వ అధ్యాయం అష్టౌనిందితీయం. నిందితులైన ఎనిమిది విధాల దేహాలను పేర్కొని, వాటిలో అతిస్థూల, అతికృశ దేహాలను వివరంగా చర్చించిన ఈ అధ్యాయంలోనే నిద్రావిచారం కూడా ఉంది. ఈ అమరిక యాదృచ్ఛికం కాదు. స్థౌల్యం, కార్శ్యం ముఖ్యంగా నిద్ర వలన, ఆహారం వలన కలుగుతాయని అధ్యాయం చివరి భాగం స్పష్టంగా చెబుతున్నది. ఇదే గ్రంథం ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యాలను దేహానికి మూడు ఉపస్తంభాలుగా వేరొకచోట పేర్కొన్నది.

స్థౌల్యకారణాల పట్టికలో అతిగా తినడం, గురు మధుర స్నిగ్ధ పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, చింత లేకపోవడం, బీజస్వభావం మొదలైన వాటితోపాటు నిద్ర కూడా ఉంది. అయితే అక్కడ చెప్పినది ‘దివాస్వప్నం’, అంటే పగటి నిద్ర. రాత్రి నిద్రను ఈ గ్రంథం ప్రాణులను పోషించే తల్లివంటిదిగా గౌరవించింది. పగటి నిద్ర విషయంలో కూడా నిషేధం సార్వత్రికం కాదు. రాత్రి మేలుకొన్నవారికి, బరువులు మోసి, దూరం నడిచి అలసినవారికి, వృద్ధులకు, బాలురకు, కృశించినవారికి అది అనుమతమే. రాత్రులు చిన్నవయ్యే గ్రీష్మంలో అందరికీ అనుమతమే. మేదస్సు ఎక్కువగా ఉన్నవారికి, నిత్యం స్నిగ్ధాహారం తీసుకొనేవారికి మాత్రం అది వర్జ్యం. వేసవి తీవ్రతకు పేరుపడిన బెజవాడలో మధ్యాహ్నపు కునుకు సోమరితనం కాదు, శాస్త్రసమ్మతమైన ఋతుచర్య.

రాత్రి పనివారి విషయంలో అష్టాంగహృదయం మరింత నిర్దిష్టంగా ఉంది. అలవాటులేని జాగరణ చేసినవాడు మేలుకొన్న కాలంలో సగం కాలం మరునాటి ఉదయం భోజనానికి ముందే నిద్రించాలని వాగ్భటుడు విధించాడు. జాగరణను లోటుగా లెక్కగట్టి, కొంతైనా పూడ్చవలసినదిగా భావించిన దృష్టి ఇది.

స్థూలునికి చికిత్సగా చరకుడు జాగరణను చెప్పిన మాట నిజమే. కాని అది వ్యాయామం, చింతనం, ఆహారనియమం అనే మిగిలిన అంగాలతో కూడినది, క్రమక్రమంగా పెంచవలసినది. పైగా స్థూలునిలో మేదస్సు మాత్రమే పెరిగి ఇతర ధాతువులకు తగిన పోషణ అందదని, అతని ఆకలి తీవ్రం కావడానికి కారణం దేహంలోపలి వాతాగ్నుల స్థితి అని చరకుడు వివరించాడు. స్థూలుని తిండిని అతని శీలలోపంగా కాక దేహస్థితి ఫలితంగా చూసిన భాగమిది. లోకంలోకి వచ్చేసరికి పగటి నిద్ర, రాత్రి నిద్ర అనే భేదం చెరిగిపోయి, ‘నిద్రపోతే లావెక్కుతారు’ అనే ఒక్క వాక్యం మిగిలింది.

నీరు, వరి, రాత్రి

ఈ వాక్యం కృష్ణా డెల్టాలో బలపడటానికి చారిత్రక నేపథ్యం ఉంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు, మచిలీపట్నం ప్రాంతాలను తుడిచిపెట్టింది. అటువంటి కాలంలో దేహపుష్టి భాగ్యచిహ్నం. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952 వరదలో అది తెగిన తరువాత దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి నిర్మితమైంది. ఈ కాలువల కింద నేడు సుమారు 13 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

వరి డెల్టా ఆహారాన్ని మార్చడంతోపాటు నిద్రనూ మార్చింది. కాలువ చివరి భూములకు నీరు వంతులవారీగా వచ్చేది. వంతు రాత్రి పడితే రైతు రాత్రే గట్టు మీద ఉండవలసి వచ్చేది. పంట కోతకు వచ్చినప్పుడు కళ్లాల దగ్గర కాపలా, కుప్పనూర్పిళ్లు రాత్రి నిద్రను కోసివేసేవి. తెల్లవారకముందే లేచి వడ్లు దంచడం స్త్రీల వంతు. అయినా ఆ కాలపు శ్రామికులలో స్థౌల్యం సమస్య కాలేదు. నిద్రలేమి కలిగించే ఆకలికి తగినంత తిండి వారికి అందుబాటులో లేదు. తిన్నదానిని మించిన శ్రమ ఉంది. తరువాత బియ్యపు మిల్లులు దంపుడును, యంత్రాలు నూర్పిడిని తీసుకున్నాయి. శ్రమ తగ్గింది, మరపట్టిన తెల్లబియ్యపు అన్నం పెరిగింది. రాత్రి మెలకువ మాత్రం పోలేదు, అది పొలం నుంచి పట్నానికి తరలింది.

బెజవాడ రాత్రి

1889లో నిజాం రైలుమార్గం బెజవాడ చేరింది. 1893లో కృష్ణపై రైలువంతెన ఏర్పడటంతో ఆ ఊరు ఉత్తర దక్షిణాలను కలిపే కూడలి అయింది. రైలు రాత్రింబవళ్లు నడిచే వ్యవస్థ. దానితో స్టేషను సిబ్బంది, కూలీలు, కాఫీ హోటళ్లవారు, రిక్షాలవారు అనే రాత్రి జనం ఏర్పడ్డారు. 1921లో మారుతీ టాకీసు వచ్చిన ఊరిలో రెండో ఆట క్రమంగా నిత్యవ్యవహారమైంది. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడినుంచి దినపత్రికలుగా వెలువడ్డాయి. తెల్లవారేసరికి పాఠకునికి పత్రిక అందాలంటే సంపాదకవర్గం, కంపోజిటర్లు, అచ్చు పనివారు రాత్రంతా మేలుకోవలసిందే. 1979లో ఇబ్రహీంపట్నం దగ్గర తాపవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించింది. ఆటోనగర్ లారీల మరమ్మతులకు ప్రసిద్ధమైంది. లారీ డ్రైవరు, షిఫ్టు కార్మికుడు, ఆసుపత్రి నర్సు ఈ నగరపు రాత్రిని మోస్తున్నారు.

వీరి తిండి కూడా రాత్రిదే. అర్ధరాత్రి టిఫిను బండి, రహదారి పక్క ధాబా, పంచదార ఎక్కువైన టీ వీరి మెలకువకు ఆసరా. ఇటీవలి దశాబ్దాలలో ఈ వరుసలో పిల్లలు కూడా చేరారు. ప్రవేశపరీక్షల శిక్షణకు పేరుపొందిన ఈ నగరంలోని హాస్టళ్లలో స్టడీ అవర్లు తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగడం సాధారణ విషయం. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని అమెరికన్ నిద్రావైద్య సంస్థ 2016లో సూచించింది. తక్కువ నిద్రపోవడాన్ని క్రమశిక్షణగా మెచ్చుకునే వ్యవస్థకు, జాగరణను నిగ్రహంగా కీర్తించిన పాత భావనకు మధ్య బంధుత్వం కనిపిస్తుంది.

ప్రయోగశాల సాక్ష్యం

కొవ్వు కణాలనుంచి వెలువడి తృప్తిని సూచించే లెప్టిన్ 1994లోను, జీర్ణాశయం నుంచి వెలువడి ఆకలిని పుట్టించే గ్రెలిన్ 1999లోను గుర్తింపు పొందాయి. వాటిని నిద్రతో అనుసంధించి 2004లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను పరిశీలించారు. పడక సమయాన్ని రెండు రాత్రులు 4 గంటలకు తగ్గించినప్పుడు, 10 గంటలు కేటాయించినప్పటితో పోలిస్తే, లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. పిండి, తీపి పదార్థాలపై కోరిక హెచ్చింది.

బరువు తగ్గడంతో నేరుగా సంబంధించిన ప్రయోగం 2010లో వెలువడింది. అధిక బరువున్న 10 మందికి కెలరీలు తగ్గించిన ఆహారం ఇచ్చి, 14 రోజులు 8.5 గంటలు, మరో 14 రోజులు 5.5 గంటలు పడక సమయం కేటాయించారు. రెండు దశలలోనూ సుమారు 3 కిలోల బరువే తగ్గింది. కాని ఎక్కువ నిద్రించినప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు, తక్కువ నిద్రించినప్పుడు పోయినది 0.6 కిలోలే. మిగిలిన తరుగు ప్రధానంగా కండ మొదలైన కొవ్వేతర భాగానిది. 2022లో వెలువడిన మరో ప్రయోగంలో, తక్కువ నిద్రించే అధిక బరువుగల 80 మందిలో కొందరికి నిద్రను రోజుకు సుమారు 1.2 గంటలు పెంచగా, పథ్యం చెప్పకుండానే వారి ఆహారం రోజుకు సుమారు 270 కెలరీలు తగ్గింది.

ఇవి స్వల్పసంఖ్యలో, స్వల్పకాలం జరిగిన ప్రయోగాలు. నిద్ర ఒక్కటే స్థౌల్యాన్ని నయం చేస్తుందని ఇవి నిరూపించవు. అయినా త్రాసు చూపే బరువుకు, దేహంలోని మేదస్సుకు మధ్య భేదాన్ని ఇవి స్పష్టపరిచాయి. జాగరణ కార్శ్యాన్ని కలిగిస్తుందన్న చరకుని పరిశీలనకు, నిద్ర తగ్గితే కండ తరుగుతుందన్న 2010 నాటి ఫలితానికి కొంత పోలిక ఉంది. ప్రాచీన గ్రంథంలో ఆధునిక సిద్ధాంతాన్ని వెదకడం ఇక్కడ ఉద్దేశం కాదు. పాత గ్రంథాన్ని సమగ్రంగా చదివితే కొత్త పరిశోధనతో వైరుద్ధ్యం లోకోక్తిలో కనిపించినంత పెద్దది కాదని మాత్రమే సారాంశం.

పథ్య ఉద్యమాలలో నిద్ర స్థానం

జర్మన్ ప్రకృతి వైద్యుడు లూయీ కూనే గ్రంథాన్ని 1894లో ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మ తెలుగులోకి తెచ్చినప్పటినుంచి ఆంధ్రదేశంలో ప్రకృతి వైద్యానికి ఆదరణ ఉంది. ఇటీవలి కాలంలో విజయవాడ రెండు పథ్య ఉద్యమాలకు కేంద్రమైంది. మంతెన సత్యనారాయణరాజు ప్రచారం చేసినది ఉప్పు, నూనె లేని ప్రకృతి ఆహారం. వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసినది పిండిపదార్థాలను బాగా తగ్గించి కొవ్వును ఆశ్రయించే విధానం. ఈ రెండూ పరస్పరవిరుద్ధాలు. కాని వీటి చుట్టూ ఇళ్లలో, పత్రికలలో, టీవీలలో సాగిన చర్చలో ఒక సామ్యం ఉంది: వాదమంతా ఏమి తినాలన్న దాని మీదనే నడిచింది. ఎన్ని గంటలు నిద్రించాలన్న ప్రశ్న పక్కకు ఒదిగింది. చరకుడు సమానంగా నిలిపిన రెండు స్తంభాలలో ఒకటే లోకదృష్టికి ఆనింది.

ముగింపు

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ప్రతి 100 మందిలో సుమారు 36 మంది అధిక బరువు లేదా స్థౌల్యం గలవారు. నందన కరువు జ్ఞాపకం ఉన్న నేలపై ఇది పెద్ద మార్పు. ఈ మార్పును వివరించడానికి సమాజం వాడుతున్న మాటలు మాత్రం పాతవే. రాత్రంతా లారీ నడిపి వచ్చిన మనిషి మధ్యాహ్నం నిద్రిస్తే అది అతని బరువుకు కారణంగా కనిపిస్తుంది. అతడు పోగొట్టుకున్న రాత్రి ఎవరి లెక్కలోకీ రాదు. అందరికన్నా ముందు లేచి అందరికన్నా చివర పడుకునే ఇల్లాలిని ‘తిని కూర్చుంటుంది’ అనడంలోనూ ఇదే అన్యాయం ఉంది.

సంప్రదాయ వైద్యం పగటి నిద్రకు, రాత్రి నిద్రకు భేదం చెప్పింది. రాత్రి పనివానికి పగటి నిద్రను హక్కుగా ఇచ్చింది, స్థూలుని ఆకలికి దేహంలోనే కారణం వెదికింది. పలుకుబడి ఈ మూడింటినీ మరచి, స్థౌల్యాన్ని శీలదోషంగా మిగిల్చింది. ప్రయోగశాల నేడు చెబుతున్నది ఆ మరచిన భేదాన్ని గుర్తుచేస్తున్నది. నిద్రను భోగంగా కాక దేహానికి చెల్లవలసిన బాకీగా చూడటం తెలుగు సంప్రదాయానికి కొత్త కాదని వాగ్భటుని విధి, ఊర్మిళ పాట సాక్ష్యమిస్తున్నాయి.